నర్సింగ్ సూపరింటెండెంట్ కావాలంటే గవర్నమెంటా, ప్రైవేటా? ఏది మేలు?

ఈ నెలలో ఇది నాలుగో ఫోన్. "అక్కా, పదేళ్ళయింది, ఇక్కడ ప్రైవేటులో వార్డు ఇన్‌చార్జి ఇస్తామంటుండారు, అక్కడేమో జీజీహెచ్‌లో, అదే గవర్నమెంట్ పెద్దాసుపత్రిలో, కాంట్రాక్ట్ పోస్టు వచ్చేట్టుంది, ఎటు పొమ్మంటావు, ఎటు పోతే సూపరింటెండెంట్ దాకా పోతాం?" అని. ఒక్కొక్కళ్ళకి చెప్పలేక ఇక్కడ రాస్తుండా.

ముందు గవర్నమెంట్ సంగతి. పాత పేర్లతోనే చెప్తా: స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, గ్రేడ్-2 సూపరింటెండెంట్, ఆపైన గ్రేడ్-1, దారి అందరికీ తెలిసిందే. అక్కడ మన పనితనం కన్నా సీనియారిటీ లిస్టులో మన నంబరు ముఖ్యం. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలు కలిపి ఒకే జోన్, లిస్టూ ఒకటే, మన పైనున్న వాళ్ళు రిటైరైతేనే మనం జరిగేది, 2022లో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62 చేశారు, దాంతో వెనకున్న వాళ్ళంతా ఇంకో రెండేళ్ళు ఆగారు. నాతో చదివిన ఆమె రెగ్యులర్‌గా చేరి పద్దెనిమిదేళ్ళు, ఇంకా హెడ్ నర్సు లిస్టు ఎప్పుడొస్తుందా అని చూస్తా ఉండాది. ఇక కాంట్రాక్ట్ అంటారా, రెగ్యులర్ అయ్యేదాకా ఆ లిస్టులో మన పేరే ఉండదు. పెన్షన్ అనే మాట కూడా మర్చిపోండి, 2004 సెప్టెంబర్ తర్వాత చేరినోళ్ళకి పాత పెన్షన్ లేదు.

ప్రైవేటులో అట్టా కాదు, పదీ పన్నెండేళ్ళకే కుర్చీ ఇచ్చేస్తారు, తలుపు మీద పేరు కూడా రాస్తారు. జీతం ఎంత, క్వార్టర్స్ ఇస్తారా అని అందరూ అడుగుతారు గానీ, నేను చూసేది ఒక్కటే: కొత్త సిస్టర్‌ని వేసుకునేది ఎవరు? మీరా, హెచ్‌ఆరా?

ఇది ఎందుకంత ముఖ్యమో లెక్క వేసి చెప్తా. పన్నెండు బెడ్ల ఐసీయూ, అందులో నాలుగు వెంటిలేటర్లు అనుకోండి. ఆసుపత్రులకి నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ లెక్కన వెంటిలేటర్ పేషెంటుకి ఒక సిస్టర్, మిగతా వాళ్ళలో ఇద్దరికి ఒకళ్ళు, అంటే షిఫ్టుకి ఎనిమిది మంది, మూడు షిఫ్టులకి ఇరవై నాలుగు, వీక్లీ ఆఫ్‌లకి ఇంకో నలుగురు, సెలవులు మెటర్నిటీ కలిపితే ముప్పై దాటుద్ది. నేను నెల్లూరులో చేసిన చోట నాకిచ్చింది పద్నాలుగు మందిని. రాత్రి పదకొండున్నరకి ఫోన్ వస్తది, "మేడం, ఒక సిస్టర్‌కి జ్వరం, తొమ్మిది మంది పేషెంట్లకి ఇద్దరమే ఉండాము" అని, నేను హాస్టల్‌కి ఫోన్ చేసి పొద్దున డ్యూటీ చేసి పడుకున్న పిల్లనే లేపి బతిమాలి డబుల్ డ్యూటీకి పంపాలి. తెల్లారితే పేషెంటు గొంతులో కఫం తీసే సక్షన్ ఆలస్యమైందని పేషెంటు తాలూకు వాళ్ళ గొడవ, మెమో మాత్రం సూపరింటెండెంట్‌కి. స్టాఫ్ కావాలని ఎన్నిసార్లు అడిగినా "చూద్దాం మేడం" అనేవాళ్ళు, అన్నీ నోటిమాటలే.

గవర్నమెంట్‌లో ఖాళీలు నింపే అధికారం నర్సింగ్ సూపరింటెండెంట్‌కి ఉందా అంటే అక్కడా లేదు. కానీ ఇంతమంది తక్కువున్నారని రాసిచ్చి ఇన్‌వర్డ్ నంబరు (కాగితం ఆఫీసుకి అందిందని వేసే నంబరు) వేయించుకుంటే ఆ కాగితం ఫైల్లో ఉంటది, రేపు ఏదన్నా అయితే అది చూపించొచ్చు, ఎల్లుండి నించి రావొద్దని ఎవరూ అనలేరు.

అందుకని ముప్పై లోపు వయసుండి రెగ్యులర్ పోస్టు వస్తే మాట్లాడకుండా పోయి చేరండి. కాంట్రాక్ట్ అయితే మాత్రం నేను వద్దంటా. ప్రైవేటులో ఇన్‌చార్జిగా చేస్తా ఉండి, సూపరింటెండెంట్ ఆఫర్ వచ్చినప్పుడు ఆర్డర్‌లో ఏం రాశారో చూసుకోవడమే నయం, నా మనసుకి ఇదే ఎక్కువ ఇష్టం కూడా.

ఎం.ఎస్సీ నర్సింగ్ చేసి నర్సింగ్ కాలేజీలో టీచరుగా పోవడం బావుంటది, పాఠం చెప్పే ఓపిక ఉంటే. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్ళకి పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్ళు, ఎం.ఎస్సీ రెండేళ్ళు, ఆ లెక్క చూసుకోండి. గల్ఫ్‌కి అప్పులుంటే పోండి.

నేను చేసింది చెప్తా. పోయినేడు నెల్లూరులో పెద్దాసుపత్రి వదిలి ఒంగోలులో ఎనభై బెడ్ల చోట చేరా. జీతం ఐదు వేలు తక్కువ, నూట ఇరవై కిలోమీటర్లు, వారానికొకసారి ఇంటికి, మా ఆయన ఇప్పటికీ సణుగుతానే ఉండాడు. చేరేముందు రెండు మాటలు ఆర్డర్‌లో రాయించుకున్నా: సిస్టర్ల ఇంటర్వ్యూ నేనే చేస్తా, మనుషులు తక్కువైతే బెడ్లు ఆపే అధికారం నాది. "బెడ్లు ఆపడం ఏంది మేడం, ఇది లాడ్జీ అనుకున్నారా" అన్నారు ఎండీ గారు. "లాడ్జీలో అయితే మనిషి లేకపోయినా రూమ్ ఇవ్వొచ్చు సార్" అన్నా. నవ్వి సంతకం పెట్టారు, నిజంగా ఆపుతానని అనుకోలేదేమో.

పోయిన నెలలో ఇద్దరు ఒకేసారి మానేశారు. ఐసీయూలో మూడు బెడ్లకి దుప్పట్లు తీయించేసి కొత్త అడ్మిషన్ వద్దని క్యాజువాల్టీకి రాసిచ్చా. ఎండీ గారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున పిలిచి, ఇంటర్వ్యూలు ఎప్పుడు పెట్టుకుంటారని అడిగారు.