పద్నాలుగు నెలలు సిలికాన్ షీట్ వాడాక

ముందు దురద గురించే చెప్పాలి. ఛాతీ మధ్యలో చిన్న గడ్డ తీయించుకున్నాను. కుట్లు బాగానే మానాయి. రెండో నెలలో మచ్చ ఎర్రగా, గట్టిగా లేచింది. చొక్కా తగిలినా దురదే, రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. మచ్చ మీద అతికించుకునే మెత్తటి పట్టీ, అదే సిలికాన్ షీట్, మొదలుపెట్టిన రెండు వారాలకు ఆ దురద తగ్గింది. ఎంత హాయిగా అనిపించిందో మాటల్లో చెప్పలేను. ఆపరేషన్ అయిన వాళ్లు ఎవరు కనిపించినా ఇదే కొనమని చెప్పాను.

ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

ఐదో నెలలో ఎండలు ముదిరాయి. షీట్‌ను రోజూ తీసి సబ్బునీళ్లతో కడగాలి, చర్మం పూర్తిగా ఆరాకే మళ్లీ అతికించాలి. నేను పని హడావుడిలో రెండు మూడు రోజులు తీయకుండా వదిలేశాను. కింద చెమట నిలిచి చర్మం నాని, చుట్టూ ఎర్రటి పొక్కులు వచ్చాయి. అవి తగ్గేదాకా షీట్ మానేయమన్నారు. ఆ రోజుల్లోనే అద్దం ముందు నిలబడి మచ్చను సరిగ్గా చూశాను. పైకొస కోత గీత దాటి, అసలు కత్తి తగలని చర్మంలోకి పాకింది.

పొక్కుల వల్లే ఇలా అయిందని ఏడుపొచ్చింది. చర్మ డాక్టరు కాదన్నారు. మచ్చ కోత హద్దుల్లోనే ఉబ్బితే అది కాలం గడిచేకొద్దీ కొంత అణగొచ్చట. హద్దు దాటి పెరిగితే కీలాయిడ్ అట. తర్వాత ఆమె అడిగింది: "మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి మచ్చలున్నాయా?" అమ్మకు చెవి కుట్టించుకున్న చోట కాయలా ఉబ్బిన గడ్డ ఉంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, ఎప్పుడూ ఆలోచించలేదు. కీలాయిడ్ రావడానికి నాకున్న కారణాలు ఇవట: ఇంట్లో ఆ లక్షణం ఉండటం, చామనఛాయ, ఇరవైల్లో ఉన్న వయసు, అన్నిటికీ మించి చోటు. ఛాతీ మధ్య, భుజాలు, చెవి తమ్మెలు దీనికి పేరుపడ్డ చోట్లు. చేయి కదిలినప్పుడల్లా ఛాతీ మీద చర్మం లాగుతుంది, ఆ లాగుడు మచ్చను పెంచుతుంది. గాయం చీము పట్టినా, మానడం ఆలస్యమైనా ప్రమాదమే, నాకు అవి మాత్రం లేవు. ఆపరేషన్‌కు ముందు ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. నా బాధంతా అదే. అత్యవసరం కాని గడ్డ అది, తెలిసి ఉంటే ఇంకోసారి ఆలోచించేదాన్ని.

కోసి తీసేయమని అడిగాను. ఒట్టిగా కోస్తే మళ్లీ, ఒక్కోసారి ఇంకా పెద్దదిగా వస్తుందని వద్దన్నారు. నెలకొకటి చొప్పున నాలుగు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మచ్చలోకే ఇచ్చారు. చాలా నొప్పి. మచ్చ మాత్రం మెత్తబడి అణిగింది, చుట్టూ చర్మం కాస్త తెల్లబడింది. షీట్ ఇప్పటికీ రాత్రంతా ఉంచుతున్నాను, కాబట్టి ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పలేను. దురద విషయంలో మాత్రం షీట్‌కే నా ఓటు. ఇంట్లో ఎవరికీ కీలాయిడ్ లేకుండా, చర్మం అంతగా లాగని చోట మచ్చ ఉన్నవాళ్లకు ఇదొక్కటే సరిపోతుందేమో. నాకు సరిపోలేదు.

మా చెల్లి భుజం మీద పుట్టుమచ్చ తీయించుకుంటానంటోంది. ఏ షీట్ కొనాలని నన్ను అడిగింది. ముందు అమ్మ చెవి ఫొటో తీసుకెళ్లి డాక్టరుకు చూపించమన్నాను.