వాల్యూ ప్రపొజిషన్ కాన్వాస్: నాలుగేళ్లు వాడాక

మేము వాటర్ ప్యూరిఫయర్లు అమ్ముతాం, సర్వీస్ చేస్తాం. మనం అమ్మేది కస్టమర్‌కు నిజంగా కావాల్సినదేనా అని చూసుకోవడానికి, వ్యాపార నిపుణుడు అలెగ్జాండర్ ఓస్టర్‌వాల్డర్ బృందం రూపొందించిన ఈ కాన్వాస్‌ను నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఉన్నదంతా ఒక్క కాగితమే. కుడివైపు వృత్తంలో కస్టమర్ పనులు, ఇబ్బందులు, ఆశలు రాయాలి. ఎడమవైపు చతురస్రంలో మన వస్తువులు, సేవలు, అవి ఏ ఇబ్బందిని తీరుస్తాయి, ఏ ఆశను నెరవేరుస్తాయి అన్నది రాయాలి.

మొదటిసారి ఎడమవైపు నుంచే మొదలుపెట్టాను. మోడళ్లు, ఎన్ని దశల వడపోత, ట్యాంక్ ఎన్ని లీటర్లు, వారంటీ ఎంత... పది నిమిషాల్లో నిండిపోయింది. కుడివైపు మాత్రం ‘శుభ్రమైన నీళ్లు కావాలి’ అని ఒక్క ముక్క రాశాను. అదీ నా ఊహే. ఏడాది పాటు ఆ కాగితం గోడ మీద ఉంది, వ్యాపారంలో ఏ మార్పూ రాలేదు.

తర్వాత సర్వీస్ కాల్స్ రిజిస్టర్ ముందు పెట్టుకుని, కస్టమర్ల మాటలను ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను. “ఫిల్టర్ ఎప్పుడు మార్చాలో తెలియట్లేదు.” “మీ అబ్బాయి వస్తాడని రోజంతా ఇంట్లోనే ఉండిపోయాం.” “నిజంగా మార్చాడో లేదో మాకెలా తెలుస్తుంది?” వీటిలో ఒక్కటీ మెషీన్ గురించి కాదు. చూసి చాలా బాధేసింది, ఎందుకంటే ఆ మాటలన్నీ ఏళ్లుగా మా రిజిస్టర్‌లోనే ఉన్నాయి. కొన్ని లక్షణాలు లేకపోతే కస్టమర్‌కు కోపం వస్తుంది, ఉన్నంత మాత్రాన ప్రత్యేకంగా సంతోషం కలగదు అని జపాన్‌కు చెందిన నాణ్యతా నిపుణుడు నొరియాకి కానో 1984లో వివరించారు. శుభ్రమైన నీళ్లు అలాంటివే. అవి అందరూ ఇస్తారు.

అమ్మే మెషీన్లు అవే. చుట్టూ ఉన్న సర్వీస్‌ను మార్చాం. ఫిల్టర్ గడువుకు ముందే మెసేజ్ పంపుతాం. రెండు గంటల సమయం చెప్పి ఆలోపే వెళ్తాం. మెంబ్రేన్ (నీళ్లలో కరిగిన లవణాలను వడపోసే పొర) మార్చితే ముందూ తర్వాతా టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న పదార్థాల మోతాదు) రీడింగ్ కస్టమర్ ఎదుటే చూపిస్తాం, పాతది వాళ్ల చేతికే ఇస్తాం. ఇంతకుముందు మెషీన్‌తో పాటు ఉచితంగా ఇచ్చేదిగా చూసిన సర్వీసే, కస్టమర్ మళ్లీ మా దగ్గరికి రావడానికి అసలు కారణమని అప్పుడు అర్థమైంది.

ఈ కాన్వాస్‌కు లోపాలూ ఉన్నాయి. ఖర్చు ఎక్కడా కనిపించదు. చెప్పిన సమయానికి వెళ్లాలంటే ఇంకో టెక్నీషియన్ కావాలని కాన్వాస్ చెప్పలేదు. ఆ లెక్క, ఖర్చు, ఆదాయం సహా వ్యాపారమంతా ఒకే కాగితం మీద చూపే తొమ్మిది గడుల బిజినెస్ మోడల్ కాన్వాస్‌లో వేసుకోవాల్సిందే. పోటీదారులకు చోటు లేదు. ఇళ్లకూ ఆఫీసులకూ కలిపి ఒకే కాగితం అస్సలు పనికిరాదు. ఆఫీసులో మెషీన్ కొనే మనిషి ఒకరు, నీళ్లు తాగేవాళ్లు వేరొకరు.

మీరూ వాడాలనుకుంటే కుడివైపు నుంచే మొదలుపెట్టండి, అదీ ఒంటరిగా వద్దు. మా దగ్గర ఇప్పుడు ఆ వృత్తం నింపేది రోజూ ఇళ్లకు వెళ్లే టెక్నీషియన్లే.