విండోస్ 7 పాత సిస్టమ్ కొంటున్న డీటీపీ వాళ్లూ, "ప్రొటెక్షన్ పెట్టాం" అన్న మాట నమ్మకండి

"ఏది డిలీటైనా వచ్చేస్తుంది సార్, ప్రొటెక్షన్ ఆన్ చేసే ఇస్తున్నాం" అన్నాడు షాపువాడు. పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్ల కోసం పాత విండోస్ వదల్లేని వాళ్లకి ఆ మాట ఎంత ధైర్యమో మీకు తెలుసు. నిన్న డి డ్రైవ్‌లో పెళ్లికార్డుల ఫోల్డర్ పోయింది. రీసైకిల్ బిన్‌లో లేదు. డి మీద రైట్ క్లిక్ కొట్టి రిస్టోర్ ప్రీవియస్ వెర్షన్స్ (విండోస్ దాచుకున్న పాత కాపీలు) చూస్తే ఒక్క తేదీ కూడా లేదు. ఆ పాత కాపీలు దాచే సెట్టింగ్, సిస్టమ్ ప్రొటెక్షన్ తెరిస్తే సి ఎదురుగా ఆన్, డి ఎదురుగా ఆఫ్. విండోస్ 7 తనంతట తాను కాపాడేది సి ఒక్కదాన్నే. మన పనంతా ఉండేది డిలో.

అంతవరకు నా తప్పే అనుకుంటాను, కొన్నరోజే చూసుకోవాల్సింది. తర్వాత ఆ షాపువాడు చేసింది మాత్రం క్షమించలేను. రికవరీ సాఫ్ట్‌వేర్‌ని తీసుకెళ్లి అదే డి డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేశాడు. దొరికిన ఫైళ్లనీ అందులోనే సేవ్ చేశాడు. డిలీటైన ఫైలు డిస్క్ మీద అలాగే ఉంటుంది, ఆ చోటు ఖాళీ అని విండోస్ గుర్తు పెట్టుకుంటుందంతే. దాని మీద కొత్తది రాస్తే పాతది చచ్చినట్టే. ఆపమంటే "మీకు తెలీదు, ఉండండి సార్" అన్నాడు. పేర్లు, సైజులు అన్నీ వచ్చాయి. పేజ్‌మేకర్‌లో ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. పైగా రికవరీకి డబ్బు అడిగాడు!

ఇంకో మోసం ఉంది. పాత ప్రింటర్ కోసమని అంతకుముందు విండోస్ అయిన ఎక్స్‌పీ కూడా పక్కనే వేసిస్తారు. ఎక్స్‌పీలో ఒక్కసారి బూట్ అయితే విండోస్ 7 దాచుకున్న పాత వెర్షన్లు తుడిచిపెట్టుకుపోతాయి. ఎక్స్‌పీకి ఆ ఫైళ్ల అమరిక అర్థం కాదు. ప్రొటెక్షన్ ఆన్‌లోనే కనిపిస్తుంది, లోపల ఏమీ ఉండదు. ఎక్స్‌పీ తప్పనిసరైతే విండోస్ 7 ప్రొఫెషనల్‌లో, దాని లోపలే ఎక్స్‌పీని నడిపే ఎక్స్‌పీ మోడ్ వాడుకోండి.

డబ్బు ఇచ్చే ముందు షాపులోనే కూర్చుని ఇవి చేయించండి. కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఎడమవైపు సిస్టమ్ ప్రొటెక్షన్. డి ఎంచుకుని కాన్ఫిగర్‌లో "ఓన్లీ రిస్టోర్ ప్రీవియస్ వెర్షన్స్ ఆఫ్ ఫైల్స్" పెట్టండి. మ్యాక్స్ యూసేజ్ (పాత కాపీలకి ఇచ్చే చోటు) కనీసం 10 శాతం ఉండాలి, ఒకటో రెండో శాతం పెడితే పాతవి వెంటవెంటనే పోతాయి. డి డ్రైవ్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయి ఉండాలి, ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ మీద ఇది పనిచేయదు. తర్వాత క్రియేట్ నొక్కండి, ఆ క్షణానికి ఉన్న ఫైళ్లకి ఒక రిస్టోర్ పాయింటు పడుతుంది. విండోస్ 7 తనంతట తాను పాయింటు పెట్టేది మామూలుగా 7 రోజులకోసారే, కాబట్టి పెద్ద ఆర్డర్ ముగిసిన రోజు మీరే నొక్కాలి. రీసైకిల్ బిన్ ప్రాపర్టీస్‌లో డ్రైవ్ డ్రైవ్‌కీ సెట్టింగ్ వేరు. ఎక్కడా "డోంట్ మూవ్ ఫైల్స్" దగ్గర గుర్తు ఉండకూడదు. షిఫ్ట్ డిలీట్ కొట్టినవీ పెన్‌డ్రైవ్‌లోవీ బిన్‌లోకి రావు.

పాత వెర్షన్ దొరికితే రిస్టోర్ నొక్కకండి, ఇవాళ్టి ఫైళ్ల మీద పాతవి పడతాయి. ఓపెన్ చేసి కావలసింది వేరే చోటికి కాపీ చేసుకోండి. అదీ లేకపోతే సిస్టమ్ వెంటనే ఆపేసి, డిస్క్ ఊడదీసి, వేరే కంప్యూటర్‌కి రెండో డిస్క్‌గా తగిలించి అక్కడ వెతకండి. దొరికినవి ఫైళ్లు పోయిన డిస్క్ మీద మాత్రం సేవ్ చేయనివ్వకండి.