స్కీ అంచుల మరమ్మతు: డెన్వర్‌లో ఒక చిన్న దుకాణం పనితనం

కొలరాడోలో సీజన్ మొదట్లో మంచు పలుచగా ఉన్నప్పుడు రాళ్లు తగిలి స్కీల (మంచుమీద జారేందుకు కాళ్లకు తగిలించుకునే పొడవాటి పలకల) ఉక్కు అంచులు దెబ్బతినడం మామూలే. అలా దెబ్బతిన్న జతను బాగుచేయించాలా, కొత్తది కొనాలా అన్న సందేహంతో డెన్వర్‌లోని ఒక చిన్న మరమ్మతు దుకాణానికి వెళ్లాను.

అక్కడి మెకానిక్ అంచు వెంట గోరు నడిపి చూసి, రాయి రాసుకున్నచోట ఉక్కు గట్టిపడుతుందనీ, దానిమీద నేరుగా ఆకురాయి పెడితే అది జారిపోయి దాని పళ్లే అరుగుతాయనీ చెప్పి, వజ్రపు పూత ఉన్న సానరాయితో ఆ గరుకు తీశాకే పక్క అంచుకు 2 డిగ్రీల కోణంలో పదును పెట్టారు. చిన్న గంట్లను మాత్రం వదిలేశారు. అది సరైన పనే, ఎందుకంటే పదును పెట్టిన ప్రతిసారీ అంచు కొంత అరుగుతుంది.

ఎడమ స్కీ సంగతి వేరు. బూటు కింద అంచు వెంట్రుకవాసి పైకి లేచింది. ఆ సందులోంచి నీరు లోపలి చెక్కకు చేరితే పొరలు విడిపోతాయి కాబట్టి, పూర్తిగా ఆరబెట్టి, ఎపాక్సీ జిగురు నింపి, క్లాంపులతో బిగించి రాత్రంతా ఉంచారు. మలుపుల్లో బరువంతా అక్కడే పడుతుంది గనుక అతుకుకు హామీ ఇవ్వలేమని ముందే చెప్పడం నాకు నచ్చింది.

కూలి కాస్త ఎక్కువే, పైగా రసీదులో పని వివరాలు లేవు. బైండింగులు (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులు) తయారీదారు ఆమోదిత జాబితాలోంచి తొలగిపోతే సాధారణంగా దుకాణాలు వాటిని సర్దవు గనుక, అలాంటి పాత జతకైతే ఇంత ఖర్చు దండగే. నావి ఇంకా ఆ జాబితాలోనే ఉన్నందున నాకు గిట్టుబాటైంది.