ఖడక్‌వాస్లా వెళ్లాలా, బీటెక్‌లో చేరాలా: సర్వీసు ముగిశాక నా సమీక్ష

ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లల తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. నేను కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని ఎన్‌డీఏకి, అంటే మూడు దళాల కాబోయే అధికారులకు శిక్షణనిచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీకి వెళ్లి, ఇరవై ఏళ్లకు పైగా ఆర్మీలో పనిచేసి బయటికొచ్చాను. మా తమ్ముడు కాకినాడలో ఇంజనీరింగ్ చదివాడు. రెండు దారులూ ఒకే ఇంట్లో చూసినవాణ్ణి కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను.

ఎన్‌డీఏలో చేరడమంటే పదిహేడేళ్లకే ఉద్యోగంలో చేరినట్టు. మూడేళ్ల తర్వాత జేఎన్‌యూ డిగ్రీ చేతికొస్తుంది, నిజమే. కానీ అక్కడి రోజు డిగ్రీ చుట్టూ తిరగదు. తెల్లారకముందే ఫాలిన్ (వరుసలో నిలబడి హాజరు), పీటీ లేదా డ్రిల్, తర్వాత క్లాసులు, సాయంత్రం ఆటలు, రాత్రి చదువు. ఎక్కడికి వెళ్లినా స్క్వాడ్‌గా సైకిళ్ల మీదే. మొదటి టర్మ్‌లో సీనియర్లు శిక్షగా చేయించే రగడా (ఒళ్లు హూనమయ్యే కసరత్తు), ఫ్రంట్ రోల్స్ అన్నీ అయ్యాక ఫిజిక్స్ క్లాసులో కూర్చుంటే కళ్లు వాటంతటవే మూతపడతాయి. సబ్జెక్టు మీద ప్రాణం పెట్టే పిల్లలకు ఇది చిన్న నష్టం కాదు.

మా తమ్ముడి నాలుగేళ్లు వేరు. ల్యాబులో రాత్రిదాకా గడిపిన రోజులున్నాయి, ఊరికే బీచ్‌లో తిరిగిన రోజులూ ఉన్నాయి. మెకానికల్ చదువుతూ చదువుతూ, తనకు అసలు ఇష్టమైన పని పాఠం చెప్పడమని తెలుసుకున్నాడు. ఇప్పుడు అదే చేస్తున్నాడు, సంతోషంగా ఉన్నాడు. యూనివర్సిటీలో మనసు మార్చుకోవడానికి చోటుంటుంది. అకాడమీలో ఆ చోటు తక్కువ. చేరేటప్పుడే తల్లిదండ్రులు బాండ్ రాసిస్తారు. ఇష్టం లేదని పిల్లవాడు మధ్యలో వచ్చేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాల్సి రావచ్చు.

మరి అకాడమీ ఇచ్చేదేమిటి? నా వరకు దీనికి ఒకటే జవాబు, కోర్స్‌మేట్లు, అంటే ఒకే బ్యాచ్‌లో కలిసి శిక్షణ పొందినవాళ్లు. విజయనగరం జిల్లా పల్లెనుంచి వెళ్లిన నాకు హిందీ అంతంతమాత్రం. పక్క గదిలో మణిపూర్ కుర్రాడు, ఎదుటి గదిలో హర్యానా రైతు కొడుకు. క్రాస్ కంట్రీ పరుగులో స్క్వాడ్రన్ (ఒకే హాస్టల్లో ఉండే క్యాడెట్ల జట్టు) పరువు నిలవాలంటే వెనకబడ్డవాణ్ణి భుజం పట్టి లాక్కొచ్చి గీత దాటించాల్సిందే. మూడు దళాల క్యాడెట్లూ అక్కడ ఒకే మెస్‌లో తిని, ఒకే గ్రౌండ్‌లో చెమటోడుస్తారు. ఆ తర్వాతే తమ తమ దళాల శిక్షణకు ఆర్మీ వాళ్లు డెహ్రాడూన్‌కి, నేవీ వాళ్లు కేరళలోని ఎళిమలకి, ఎయిర్‌ఫోర్స్ వాళ్లు మన హైదరాబాద్ పక్కనున్న దుండిగల్‌కి విడిపోతారు. ఏళ్ల తర్వాత, మంచుతో దారి మూసుకుపోయిన పోస్టులో ఒక జవానుకు జబ్బు ముదిరి హెలికాప్టర్ కావాల్సి వచ్చింది. రేడియోలో అవతల మాట్లాడింది నా స్క్వాడ్రన్‌వాడే. వాతావరణం తెరిపిచ్చిన కాస్త సమయంలోనే వచ్చి తీసుకెళ్లాడు. ఎవరు అడిగినా వెళ్లేవాడే, అది అతని డ్యూటీ. కానీ ఆ గొంతు వినగానే నాకొచ్చిన ధైర్యం మరెక్కడా దొరకదు. నేను సరిహద్దులో ఉండగా మా అమ్మ ఆసుపత్రిలో చేరితే సికింద్రాబాద్‌లో ఉన్న ఇంకో కోర్స్‌మేట్ భార్య పక్కనే ఉండి చూసుకుంది. ఇలాంటి బంధం యూనివర్సిటీలో పుట్టదని అనను. ఇంత గట్టిగా, ఇంతమందితో, ఇన్నేళ్లపాటు నిలవడం మాత్రం నేనింకెక్కడా చూడలేదు.

డబ్బు సంగతి. శిక్షణ ఖర్చంతా ప్రభుత్వానిదే. డెహ్రాడూన్ ఏడాదిలో నెలకు 56,100 రూపాయల స్టైపెండ్, లెఫ్టినెంట్ అయ్యాక అదే మూలవేతనం, దానిమీద 15,500 మిలిటరీ సర్వీస్ పే, ఇతర అలవెన్సులు. ఇరవై ఏళ్ల సర్వీసు నిండితే పింఛను. అయినా "ఫీజు లేదు కదా" అని పంపకండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్లలకు ఆ తేడా అంత పెద్దదేమీ కాదు. పైగా ఇష్టం లేనివాడికి అక్కడి మొదటి ఆరు నెలలు గడవవు.

ప్రవేశం దగ్గర మన పిల్లలకు ఒక చిక్కుంది. యూపీఎస్సీ రాతపరీక్షలో మ్యాథ్స్‌కు 300, జనరల్ ఎబిలిటీకి 600, రాతపరీక్ష దాటినవాళ్లను ఐదు రోజులు పరీక్షించే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి 900 మార్కులు. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) లెక్కలు చేసిన చేతికి మ్యాథ్స్ పేపర్ కష్టం కాదు. దెబ్బ తగిలేది ఎస్‌ఎస్‌బీలోనే. ఆ ఐదు రోజుల్లో చూసేది గుంపులో ఎలా కలుస్తావు, ఎలా మాట్లాడతావు, ఆపదలో ఏం చేస్తావు అన్నది. రెండేళ్లు హాస్టల్ గదిలో ఉదయంనుంచి రాత్రిదాకా పుస్తకాలు రుబ్బించి, ఆటకు అరగంట కూడా వదలని చదువు ఇందుకు ఏమాత్రం పనికిరాదు. ఈ విషయం తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. తెలివైన పిల్లలు అక్కడ నోరు విప్పలేక తిరిగొస్తున్నారు.

యూనివర్సిటీలో చేరితే సైన్యం తలుపు మూసుకుపోతుందనుకోవడం పొరపాటు. డిగ్రీ తర్వాత సీడీఎస్ (డిగ్రీ చదివినవాళ్లను సైన్యంలో అధికారులుగా తీసుకునే యూపీఎస్సీ పరీక్ష) రాయొచ్చు. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉంటే రాతపరీక్ష లేకుండానే ఎస్‌ఎస్‌బీకి పిలిచే ప్రత్యేక ప్రవేశం ఉంది. చెన్నైలోని ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) నుంచి షార్ట్ సర్వీస్‌లో, అంటే పరిమిత కాలపు సర్వీసులో చేరితే పదేళ్లు చేసి, ఉండాలో వెళ్లాలో అప్పుడు తేల్చుకోవచ్చు. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు కోరుకొండలో చదివి ఎన్‌డీఏ మీదుగా వెళ్లారు; 2020లో గల్వాన్‌లో అమరుడయ్యారు. హైదరాబాద్‌లో పెరిగిన మేజర్ పద్మపాణి ఆచార్య ఉస్మానియాలో డిగ్రీ చేసి ఓటీఏ మీదుగా వెళ్లారు. 1999 కార్గిల్ యుద్ధంలో ప్రాణాలిచ్చారు. ఇద్దరికీ మహావీర చక్రే. ఏ దారిన వచ్చాడన్నది జవాన్లు చూడరు. చిన్న వయసులో చేరడం లాభించేది పై హోదాల పోటీలోనే. 2025లో మూడు దళాల అధిపతులూ ఎన్‌డీఏలో చదివినవాళ్లే.

తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన ఇంకో సంగతి, శిక్షణలో గాయపడి వైకల్యంతో బయటికొచ్చే క్యాడెట్ల పరిస్థితి. మాజీ సైనికుడి హోదా, దానితో వచ్చే పింఛను లేక ఇబ్బంది పడుతున్నవాళ్ల గురించి 2025లో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ కేసు గురించి చదివాకే బాండ్ మీద సంతకం పెట్టండి.

కుటుంబం మోసే బరువు గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. బదిలీ అయినప్పుడల్లా మా ఆవిడ లెక్చరర్ ఉద్యోగం వదులుకుంది. పిల్లలకు బడి మారింది, స్నేహితులు మారారు. బయటికొచ్చాక మేనేజ్‌మెంట్ కోర్సు చేసి ఉద్యోగం వెతికితే, నూట ఇరవై మందిని నడిపిన అనుభవాన్ని బయోడేటాలో ఏ గడిలో రాయాలో ఇంటర్వ్యూ చేసేవాళ్లకే తెలియలేదు. సిగ్నల్స్, ఇంజనీర్స్, ఈఎంఈ (యంత్రాలు, ఆయుధాల మరమ్మతు చూసే విభాగం) లాంటి సాంకేతిక విభాగాల్లోకి వెళ్లినవాళ్లకు సర్వీసులోనే బీటెక్ చేసే వీలుంటుంది. వాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ.

ఇప్పుడు ఆడపిల్లలకూ ఈ ప్రశ్న ఎదురవుతోంది. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశంతో తలుపు తెరుచుకుంది. 2025 మే 30న పదిహేడు మంది అమ్మాయిల తొలి బ్యాచ్ ఎన్‌డీఏలో శిక్షణ ముగించుకుంది. మా అక్క కూతురు ఇంటర్ రెండో ఏడు. "మామయ్యా, నేను వెళ్లనా?" అంది. ఎన్‌డీఏకి, ఈఏపీసెట్‌కి రెండింటికీ దరఖాస్తు చేయించాను. ఎస్‌ఎస్‌బీకి పిలుపొస్తే వెళ్లి, ఆ ఐదు రోజులూ తెలియని పిల్లలతో ఒకే చోట తిని, పరిగెత్తి, వాదించుకుని రమ్మన్నాను. వాళ్లతోనే ఇంకో మూడేళ్లు ఉండాలనిపిస్తే ఖడక్‌వాస్లా. ఇంటికెప్పుడు వెళ్దామా అనిపిస్తే బీటెక్‌లో చేరి, ఎన్‌సీసీలో పేరు రాయించుకుని, డిగ్రీ అయ్యాక మళ్లీ ఆలోచించమన్నాను.