వైజాగ్‌లో ఐస్ మెషిన్ ఉన్నవాళ్లకు: "గ్యాస్ అయిపోయింది" అనగానే నమ్మేయకండి

ఎంవీపీ కాలనీలో మాది జ్యూస్ షాపు. ఎండలు ముదిరిన టైంలో ఐస్ క్యూబులు పలచగా, మధ్యలో బోలుగా రావడం మొదలైంది. సర్వీస్‌కి వచ్చినతను ప్రెజర్ చూసే గేజ్ కూడా పెట్టకుండా "గ్యాస్ అయిపోయింది సార్" అని సిలిండర్ తగిలించేశాడు. నాలుగు రోజులు తిరక్కుండా మళ్లీ అదే తంతు. ఈసారి "కంప్రెసర్ పోయింది, మార్చాల్సిందే" అన్నారు. సీజన్లో ఆ మాట వింటే ఎంత టెన్షనో షాపు నడిపేవాళ్లకు తెలుసు.

తెలిసిన పెద్దాయన, పాత మెకానిక్, వచ్చి చూశాక అసలు సంగతి తేలింది. కట్టిన క్యూబులు ఊడిపడడానికి వేడి గ్యాస్‌ను ఐస్ ప్లేటులోకి వదిలే వాల్వ్ ఒకటి ఉంటుంది. ఐస్ కడుతున్నంతసేపూ అది పూర్తిగా మూసుకుని ఉండాలి. ఆయన అప్పుడే వాల్వ్‌కి రెండు వైపులా పైపు తాకి చూశారు. కంప్రెసర్ వైపు వేడిగా ఉండాలి, అవతలి వైపు చల్లారిపోవాలి. మాదానికి రెండు వైపులా కాలిపోతోంది. అంటే వేడి గ్యాస్ లోపలికి కారుతూనే ఉంది. అలా కారితే సక్షన్ ప్రెజర్, అంటే కంప్రెసర్ గ్యాస్‌ను లాక్కునే వైపు ప్రెజర్, పెరుగుతుంది. నీరసపడ్డ కంప్రెసర్‌కీ అవే లక్షణాలు. గ్యాస్ నిజంగా తగ్గితే మాత్రం ఆ ప్రెజర్ పడిపోతుంది. గేజ్ పెట్టి ఉంటే మొదటి రోజే తేలిపోయేది!

వాల్వ్ మార్చి, ఉన్న గ్యాస్ అంతా తీసేసి, పైపుల్లో గాలి, తేమ లాగేసి (వాక్యూమ్ చేసి), నేమ్ ప్లేటు మీదున్న బరువు ప్రకారం తూకం వేసి ఎక్కించారు. పాత కంప్రెసరే ఇప్పుడు చక్కగా నడుస్తోంది.

గ్యాస్ పెట్రోల్‌లా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగతో జాయింట్లు చూడమనండి. ఆర్ 404ఏ లాంటి మిశ్రమ గ్యాస్ అయితే సిలిండర్ నుంచి ద్రవంగానే తీయాలి, లేకపోతే పాళ్లు మారిపోతాయి.

బీచ్ రోడ్డు చుట్టుపక్కల వాళ్లు కండెన్సర్, అంటే వేడిని బయటికి వదిలే రెక్కల భాగం, కూడా చూసుకోండి. ఉప్పు గాలి దాని రెక్కలను తినేస్తుంది, దుమ్ము, జిడ్డు పట్టినా ఐస్ తగ్గుతుంది. బ్రోచర్లో రోజుకి ఇంత ఐస్ అని పెద్దగా వేసే కిలోలు చాలావరకు 21 డిగ్రీల గాలి, 10 డిగ్రీల నీళ్ల లెక్క. మే నెలలో మన ఊళ్లో అంత రాదు, దానికి రిపేరు అక్కర్లేదు.

కంప్రెసర్ లాక్కునే వైపు, బయటికి తోసే వైపు ప్రెజర్లు రెండూ, ఎక్కించిన గ్యాస్ బరువు బిల్లు మీద రాయాలని ముందే చెప్పండి. రాయనన్నవాళ్లను మెషిన్ ముట్టుకోనివ్వకండి.