పిలిస్తే వెళ్లే పార్శిల్ డ్రైవర్‌గా రెండున్నరేళ్లు: పేచీ అంతా ఆ ఫోన్‌తోనే

పార్శిల్ ఎలా చేరవేస్తారో, స్కానర్ ఎలా పనిచేస్తుందో రాయను. గుమ్మంలో నిలబడి ఓటీపీ చెప్పిన ప్రతివాళ్లకీ అది తెలిసిందే. నేను రాసేది ఫోన్ మోగడానికి ముందు గంటల గురించి. రెండున్నరేళ్ల తర్వాత కూడా నా కోపం చల్లారనిది అక్కడే.

చేరేటప్పుడు "కుదిరితే రండి, లేకపోతే లేదు" అన్నారు. రోజూ వచ్చే డ్రైవర్ సెలవు పెట్టినా, సీజన్‌లో పార్శిళ్లు గుట్టలు పడినా మాలాంటివాళ్లను పిలుస్తారు. నాకు మధ్యాహ్నం తర్వాత లెక్కలు రాసే పని ఉంది కాబట్టి పొద్దున్న సమయం కలిసొస్తుందనుకున్నాను. మొదటి ఆరు నెలలు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఈ పని గొప్పతనం చెప్పాను. నెత్తిమీద బాస్ ఉండడు, ఒంటికి వ్యాయామం, విసుగొస్తే మానుకోవచ్చు. ఇద్దరు స్నేహితులను చేర్పించాను కూడా. ఒకడు నెల తిరక్కుండానే మానేశాడు. వాడికి ఓపిక లేదనుకున్నాను అప్పట్లో.

పిలుపు వచ్చేది పొద్దున్న 5:30 నుంచి 7 లోపు. వస్తే 45 నిమిషాల్లో డిపోలో ఉండాలి. అంటే 5:30 కల్లా లేచి, ముఖం కడిగి, ఏదో ఒకటి తిని, బూట్లు గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చోవాలి. స్నానానికి వెళ్తే ఫోన్ సబ్బుపెట్టె పక్కన. 7 దాటితే రోజంతా నాదే అంటారు. పక్షుల కంటే ముందు లేచి, ఏ పనీ లేకుండా గంటన్నర గోడ గడియారం చూసినవాడికి ఆ రోజు ఏ మాత్రం మిగులుతుందో వాళ్లకేం తెలుసు. వారంలో నాలుగు పొద్దున్నలు ఇలా కూర్చుంటే రెండు సార్లు పిలిచేవారు. డబ్బులు ఆ రెండింటికే.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదని తర్వాత తెలిసింది. బెల్జియంలో ఒక అగ్నిమాపక వాలంటీర్ పిలిచిన 8 నిమిషాల్లో స్టేషన్‌కు చేరాలి. ఇంట్లో కూర్చుని అలా కాచుకున్న సమయం కూడా పని సమయమేనని 2018లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పింది. దానికి జీతం ఎంతివ్వాలన్నది మాత్రం తేల్చలేదు. నాకిచ్చేది 8 నిమిషాలు కాదు, 45, కాబట్టి ఆ తీర్పు పట్టుకుని నేను పోట్లాడలేను. అయినా చదివినప్పుడు కాస్త ఊరటగా అనిపించింది.

ఇక అసలు గొడవ. ఒక వానరోజు 5:50కి ఫోన్ మోగింది. "అన్నా, మూడో రూటు అతనికి జ్వరం. ఆరున్నరకల్లా వచ్చెయ్." ఆ పొద్దున్న అమ్మను రక్తపరీక్షకు తీసుకెళ్లాలి. రాత్రి నుంచి ఏమీ తినకుండా ఉంది. "వెళ్లిరా, రేపు చూద్దాంలే" అంది. వెళ్లాను. డిపో గేటు దాటేసరికి జ్వరమొచ్చిన మనిషి తలకు మఫ్లర్ చుట్టుకుని తన వ్యాన్‌లోకి తనే పార్శిళ్లు ఎక్కించుకుంటున్నాడు. "ఒక రోజు పోతే కష్టం అన్నా, అందుకే వచ్చేశా" అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాలేదు. మాకు రూట్లు పంచే డిస్పాచర్ మాత్రం తల ఎత్తకుండా, "ఉండు, ఏదో ఒకటి చూస్తా" అన్నాడు.

గంటన్నర బెంచీ మీద ఉన్నాను. స్కానర్‌లో లాగిన్ అవ్వలేదు కాబట్టి లెక్క ప్రకారం నేను అక్కడ లేను. కాలిఫోర్నియాలో పనికి రమ్మని, వచ్చాక పని ఇవ్వకుండా పంపేస్తే అనుకున్న గంటల్లో సగానికి, కనీసం 2 గంటలకు తగ్గకుండా జీతం కట్టాలన్న నిబంధన ఉంది. నా కాగితంలో అలాంటి మాటే లేదు. చేరేముందు అడగాలని నాకూ తోచలేదు.

చివరికి 8 దాటాక మూడు రూట్లలో మిగిలిపోయిన 61 పార్శిళ్లు నా వ్యాన్‌లోకి విసిరేశారు. విసిరేశారనే అంటాను. ఆఖరి స్టాప్‌వి ముందు ఎక్కాలి, మొదటి స్టాప్‌వి తలుపు దగ్గర ఉండాలి. రోజూ వచ్చేవాళ్లు వరస తప్పకుండా తామే సర్దుకుంటారు, నంబర్లు రాసుకుంటారు. పది స్టాపులనే 36,28,800 వరసల్లో తిరగొచ్చు, అందులో మంచిదాన్ని సాఫ్ట్‌వేర్ వెతికిపెడుతుంది. పార్శిల్ వ్యాన్‌లో ఏ మూల ఉందో దానికి పట్టదు. నాలుగో స్టాప్‌లో ఇవ్వాల్సిన అరచేతంత డబ్బా కోసం వెతికితే అది భాగాలుగా విడదీసి ప్యాక్ చేసిన అల్మారా పెట్టె కింద ఉంది. వ్యాన్ పక్కకి ఆపి, సగం సామాను ముందు సీటు మీదకీ సీటు కిందకీ చేర్చి, మార్కర్‌తో నంబర్లు వేసి మళ్లీ సర్దాను. 40 నిమిషాలు పట్టింది. తలుపు తెరిచినప్పుడల్లా జల్లు లోపలికి కొట్టి రెండు పెట్టెలు మెత్తబడ్డాయి. 9 పార్శిళ్లు వెనక్కి తెచ్చాను. మధ్యాహ్నం పనికి ఆలస్యమైంది, అక్కడ మాటలు పడ్డాను. నా రోజు 5:50కి మొదలైతే వాళ్ల లెక్కలో 8:10కి మొదలైంది.

మర్నాడు అమ్మను పరీక్షకు తీసుకెళ్లాను. సరిగ్గా సూది గుచ్చేటప్పుడు జేబులో ఫోన్ మోగింది. తీయలేదు. ఆ తర్వాత పన్నెండు రోజులు అది మళ్లీ మోగలేదు. శిక్ష అని ఎవరూ అనలేదు, జాబితాలో నా పేరు కిందికి జారిందంతే.

వ్యాయామం అన్నాను కదా, అది నిజమే. కాకపోతే రోజుకు వందసార్లు ఒకే కాలి మీద దిగితే ఆ మోకాలు ఏడాదిన్నరకే నస మొదలుపెట్టింది. బాస్ లేడన్నాను, ఆ మాటా కొంచెం సవరించుకోవాలి. ఎక్కడ ఎంతసేపు ఆగానో స్కానర్ దగ్గర అంతా ఉంటుంది. అయినా ఆఖరి పార్శిల్ ఇచ్చి ఎక్కాక ఖాళీ వ్యాన్ చేసే డబడబ చప్పుడంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

మానేయలేదు. మంగళ, శుక్రవారాలే వస్తానని చెప్పేశాను. మిగతా రోజుల్లో 9 దాకా ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. పిలుపులు సగానికి తగ్గాయి, నాకు రెండో సంపాదన ఉంది కాబట్టి తట్టుకున్నాను. ఇదే సంపాదనగా బతకాల్సినవాళ్లకు నా పద్ధతి పనికిరాదు. చిన్న పిల్లలను బడికి తయారుచేయాల్సినవాళ్లయితే అసలు ఆలోచించకండి. చేరాలనుకుంటే మాత్రం సంతకానికి ముందు ఒక్కటి అడగండి: నేను వచ్చాక పని లేదంటే నాకేమిస్తారు? నన్నెవరూ ఆ ప్రశ్న అడగమనలేదు.

నేను చేర్పించిన రెండోవాడు మాత్రం ఇంకా హాయిగా చేస్తున్నాడు. వాడి ఇల్లు డిపో వెనక వీధిలోనే. ఫోన్ మోగాక లేస్తాడు, పని లేదంటే వెళ్లి మళ్లీ పడుకుంటాడు. వాడిని అడిగితే నేను రాసిందంతా అబద్ధమంటాడు.